కరువు సీమలో చక్కెర జబ్బు

కర్నూలు, కడప జిల్లాల గతం చెప్పేవాళ్ళు ముందు కరువుల పేర్లు చెబుతారు. వర్తమానం చెప్పేవాళ్ళు మరో సంగతి చెప్పక తప్పడం లేదు. ఒకప్పుడు గంజి కేంద్రాలు నడిచిన రాయలసీమ పల్లెల్లో ఇవాళ షుగరు మాత్రల కోసం జనం వరసలో నిలబడుతున్నారు. ఈ రెండిటినీ మనం వేరువేరు కథలుగా వింటున్నాం. అప్పుడు తిండి లేదు, ఇప్పుడు తిండి ఎక్కువైంది, అందుకే జబ్బు వచ్చిందనేది అందరి నోటా వినిపించే వివరణ. అది సగమే నిజమనీ, మిగతా సగాన్ని పట్టించుకోకపోవడం వల్ల కళ్ళూ కాళ్ళూ మూత్రపిండాలూ పోగొట్టుకుంటున్నామనీ నా అభిప్రాయం. సీమలో చక్కెర జబ్బు కథ కరువుతోనే మొదలవుతుంది. తరాల తరబడి పస్తులకు తట్టుకున్న ఒళ్ళు, ఒక్క తరంలో వచ్చిపడిన తెల్లబియ్యం, అదే తరంలో తగ్గిపోయిన ఒంటి చాకిరి కలిసినచోట ఇది వేళ్ళూనింది. ఈ మాట ఒప్పుకుంటే మన పద్ధతి ఒకటి వెంటనే మారాలి. లావుగా ఉన్నవాళ్ళనూ, కలిగినవాళ్ళనూ, అప్పటికే లక్షణాలు బయటపడినవాళ్ళనూ మాత్రమే పరీక్షకు పిలిచే అలవాటు పోవాలి. బక్కపలచని మెట్ట రైతునూ, కూలికి పోయే ఆడమనిషినీ ముప్పై ఏళ్ళు నిండగానే పిలవాలి.

ఈ జబ్బు కలిగినవాళ్ళదనే నమ్మకానికి వయసు చాలా ఉంది. మధుమేహం గురించి చెప్పిన సుశ్రుతుడు పుట్టుకతో వచ్చేది ఒకటి, తిండీ నడవడీ చెడి వచ్చేది ఒకటి అని రెండు రకాలు చెప్పి, మొదటి రకం రోగి బక్కగా ఉంటాడని స్పష్టంగా గుర్తించాడు. తర్వాతి కాలంలో ఆ బక్కరోగి ఎవరి కంటా పడలేదు. 1907లో బ్రిటిష్ వైద్య సంఘం ఉష్ణమండలాల్లో చక్కెర జబ్బు మీద చర్చ పెట్టినప్పుడు, మన దేశం నుంచి వెళ్ళిన వైద్యులు ఎక్కువగా మాట్లాడింది బెంగాలు గురించే. కూర్చుని రాతపని చేసే చదువుకున్న బాబుల జబ్బుగా దాన్ని వర్ణించారు. మద్రాసు రాజధానిలో దీనికంటూ ప్రత్యేకంగా ఒక విభాగం రావడానికి 1948 దాకా ఆగాల్సివచ్చింది. స్టాన్లీ ఆసుపత్రిలో డాక్టర్ ఎం. విశ్వనాథన్ దాన్ని మొదలుపెట్టారు. కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న మూడేళ్ళ కాలం ముగిసే 1956లో అక్కడ వైద్య కళాశాల ఏర్పడింది. అంతకుముందు ఆళ్ళగడ్డలోనో, పత్తికొండలోనో, జమ్మలమడుగు చుట్టుపక్కల పల్లెల్లోనో బక్కచిక్కి, దాహంతో, మానని పుండుతో పోయినవాళ్ళు ఏ జబ్బుతో పోయారో లెక్కగట్టే నాథుడు లేడు. పాతకాలంలో పల్లెల్లో ఈ జబ్బే లేదని చెప్పే మాటకు ఆధారం చాలావరకు ఈ లెక్క లేకపోవడమే.

పాతకాలపు తిండి సంగతి మాత్రం కాస్త గట్టిగానే తెలుసు. గ్రిబుల్ 1875లో తెచ్చిన కడప జిల్లా మాన్యువల్, నరహరి గోపాలకృష్ణమ చెట్టి 1886లో తెచ్చిన కర్నూలు జిల్లా మాన్యువల్, ఆ తర్వాతి గెజెటీర్లు చదివితే ఇది మెట్ట పంటల దేశమని అర్థమవుతుంది. నంద్యాల లోయలోని నల్లరేగడి చేలల్లో జొన్న, కొర్ర, పత్తి. ఎర్ర నేలల్లో రాగి, సజ్జ, ఉలవ. చెరువుల కిందా ఏటి ఒడ్డునా ఉన్న కొద్దిపాటి మడుల్లోనే వరి. కొర్ర సాలుకూ సాలుకూ మధ్య కందో పత్తో వేయడం రేగడి రైతు తెలివి. వాన ముందే వెనక్కి తగ్గితే కొర్ర చేతికొస్తుంది, ఆలస్యంగా కురిస్తే కంది నిలబడుతుంది. సంగటిలోకి ఉలవచారో, పుంటికూర పప్పో, ఊరిమిండో. వరన్నం పండగకూ, పెళ్ళికీ, కలిగినవాళ్ళ ఇళ్ళకే. ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సిన ఘట్టం కర్నూలు - కడప కాలువది. సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి, 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ ఈ కాలువ తవ్వింది. గోదావరి, కృష్ణా డెల్టాల్లో జరిగినట్టే ఇక్కడా రైతులు నీళ్ళకు ఎగబడతారని కంపెనీ ఆశపడింది. రైతులు రాలేదు. వాన సరిగా పడిన ఏడు నల్లరేగడికి కాలువ నీరు అక్కర్లేదు, జొన్నకూ కొర్రకూ నేలలో నిలిచిన తేమ చాలు. వరి పెడితే నీటి తీరువా కట్టాలి, మడి కట్టాలి, పెట్టుబడి పెట్టాలి. కంపెనీ నష్టాల్లో కూరుకుపోయింది, 1882లో ప్రభుత్వమే ఆ కాలువను కొనుక్కుంది. అంటే సీమ రైతు ఇంటి ముందుకు వచ్చిన వరిని తెలిసి తెలిసి ఒకసారి కాదన్నాడు. వంద సంవత్సరాల తర్వాత అదే సీమ వరన్నానికి పూర్తిగా మళ్ళింది. ఈ మలుపుకు రుచి ఒక్కటే కారణమని చెబితే చాలదు.

మలుపుకు ముందు ఆకలి ఉంది. ధాతు నామ సంవత్సరపు కరువుగా పెద్దలు చెప్పుకున్న 1876-78 కరువులో మద్రాసు రాజధాని మొత్తమ్మీద అతి ఘోరంగా దెబ్బతిన్న జిల్లాల్లో కర్నూలు, కడప, బళ్ళారి ఉన్నాయి. 1871 జనాభా లెక్కలకూ 1881 లెక్కలకూ మధ్య కర్నూలు జిల్లా జనాభా సుమారు నాలుగో వంతు తగ్గిపోయింది. కడపలో సుమారు ఆరో వంతు తగ్గింది. ఆ కరువులోనే సర్ రిచర్డ్ టెంపుల్ సహాయ పనుల్లో రాళ్ళు కొట్టే కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన ఒక అణా చాలని నిర్ణయించాడు. పౌను అంటే సుమారు 450 గ్రాములు. కష్టం చేసే మనిషికి ఆ తిండి చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ నిలదీశాడు. మన ప్రాంతంలో మనిషికి ఎంత తిండి కావాలన్న ప్రశ్న మీద ప్రభుత్వంలోని ఇద్దరు పెద్దలు లిఖితంగా తలపడిన సందర్భమది. కానీ ఆ వాదం ఎవరు బతుకుతారు, ఎవరు చస్తారు అన్నంత మేరకే సాగింది. బతికిన ఆడవాళ్ళ కడుపున పుట్టే బిడ్డల సంగతి అప్పటి వైద్యానికి తెలియని విషయం. తర్వాత కూడా కరువు సీమను వదల్లేదు. 1951-53 మధ్య వచ్చిన కరువులో గంజి కేంద్రాలు తెరిచారు. పేరున్న ఈ కరువుల మధ్య పేరులేని అర్ధాకలి ఏళ్ళు ఇంకా ఎక్కువ. పండని ఏడాది రెండుపూటల సంగటి ఒకపూట అంబలవుతుంది, ఆ ఒకపూటలో కూడా ఇంటి ఆడమనిషి చివరన తింటుంది. చివరన తినే ఆ మనిషి నిండు గర్భిణి కావచ్చునన్నది ఈ వ్యాసంలో నేను అన్నిటికన్నా ముఖ్యమనుకునే సంగతి.

కడుపులో ఉన్నప్పటి ఆకలికీ, యాభై ఏళ్ళ తర్వాత రక్తంలో పెరిగే చక్కెరకూ సంబంధం ఉందని 1992లో హేల్స్, బార్కర్ అనే ఇద్దరు ఇంగ్లండు శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. తల్లికి తిండి చాలనప్పుడు గర్భంలోని పిండం ముందు మెదడును కాపాడుకుంటుంది. ఇన్సులిన్ తయారుచేసే క్లోమ కణాలూ, చక్కెరను వాడుకునే కండరమూ ఆ మేరకు తక్కువగా ఏర్పడతాయి. ఆ బిడ్డ జీవితాంతం తక్కువ తిండితోనే బతికితే ఈ లోటు బయటపడకపోవచ్చు. తిండి పెరిగినప్పుడు బయటపడుతుంది. 1944-45 చలికాలంలో ఆకలితో అల్లాడిన హాలెండు తల్లుల బిడ్డల్లోనూ, 1959-61 నాటి చైనా కరువు బిడ్డల్లోనూ పెద్దయ్యాక చక్కెర అదుపు తప్పడం కనిపించింది. 1932-33 ఉక్రెయిన్ కరువు ముమ్మరంగా ఉన్నప్పుడు తల్లి కడుపులో తొలి నెలల్లో ఉన్నవాళ్ళకు చక్కెర జబ్బు ముప్పు రెండింతలు దాటిందని 2024లో తేలింది. మనకు ఇంకా దగ్గరి ఆధారం పుణె చుట్టుపక్కల పల్లెలది. డాక్టర్ యాజ్ఞిక్ బృందం అక్కడ పుట్టిన బిడ్డలను ఇంగ్లండులోని సౌతాంప్టన్ బిడ్డలతో పోల్చింది. పుణె బిడ్డ సగటు బరువు 2.7 కిలోలు, సౌతాంప్టన్ బిడ్డది 3.5 కిలోలు. తగ్గినది ఎక్కువగా కండా, అవయవాలే. చర్మం కింది కొవ్వు మాత్రం పెద్దగా తగ్గలేదు. చూడ్డానికి సన్నం, లోపల కొవ్వు. పెద్దయ్యాక సన్నటి చేతులూ కాళ్ళూ, నడుము దగ్గర మాత్రం పొట్ట ఉన్న మనిషి రూపం పుట్టినప్పుడే అలా మొదలవుతోంది. ధాతు కరువులో బతికిన ముత్తవ్వ రక్తపరీక్ష మన దగ్గర లేదు కాబట్టి సీమ విషయంలో ఇది ఇతర చోట్ల రుజువైన దాన్నుంచి నేను తీస్తున్న అనుమానమే. కానీ పొట్టిగా, బరువు తక్కువగా పుట్టిన ఆడపిల్ల ఎదిగి తల్లై మళ్ళీ తక్కువ బరువు బిడ్డను కనడం తరతరాల గొలుసు. ఆకలికి ఇంత పేరున్న సీమను ఆ గొలుసు తాకకుండా వదిలిందనుకోవడానికి నాకు కారణం కనిపించడం లేదు.

దీనికి మరోవైపు నుంచి కూడా సాక్ష్యం ఉంది, అది మన తెలుగు పల్లెలదే. 1980ల చివర హైదరాబాదు చుట్టుపక్కల కొన్ని పల్లెల్లో గర్భిణులకూ చిన్నపిల్లలకూ అంగన్‌వాడీ పోషకాహారం అందింది, పక్కనున్న మరికొన్ని పల్లెలకు ఆ పథకం అప్పటికి చేరలేదు. పిల్లలు పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ వయసుకు వచ్చాక పరిశోధకులు రెండు రకాల పల్లెలకూ వెళ్ళి పరీక్షించారు. పోషకాహారం అందిన పల్లెల పిల్లల్లో ఇన్సులిన్‌ను ఒళ్ళు లెక్కచేయని గుణం దాదాపు 20 శాతం తక్కువగా కనిపించింది. 2008లో ఈ ఫలితం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. తల్లికీ బిడ్డకూ పెట్టిన ఒక పూట తిండి పదిహేనేళ్ళ తర్వాత బిడ్డ రక్తంలో కనబడిందన్నమాట. చక్కెర జబ్బు నివారణ అనగానే నడక, నోటి కట్టడి అని మొదలుపెట్టే మనం, అంగన్‌వాడీ గుడ్డునూ పాలనూ కూడా ఆ జాబితాలో మొదటే రాసుకోవాలి.

ఇక తెల్లబియ్యం. 1953లో తుంగభద్ర జలాశయం పూర్తయ్యాక దిగువ కాలువ కింద ఆదోని ప్రాంతపు కొన్ని ఊళ్ళకు నీళ్ళొచ్చాయి. ఒకప్పుడు వద్దన్న కర్నూలు - కడప కాలువ కిందే నంద్యాల నుంచి ప్రొద్దుటూరు, మైదుకూరు దాకా వరి మడులు పరుచుకున్నాయి. బాపట్ల వ్యవసాయ కళాశాల 1986లో విడుదల చేసిన సాంబ మసూరి, నున్నగా పట్టిన సన్న బియ్యాన్ని సామాన్యుడి ఆశగా మార్చింది. మెట్ట చేలల్లో కొర్ర, సజ్జ ఉన్న జాగాలోకి బుడ్డలు (వేరుశనగ) - కడప వైపు చెనిక్కాయలు - వచ్చాయి. అవి అమ్ముకునే పంట. చేలో తిండిగింజ పోయి గల్లాలో డబ్బు వచ్చింది, ఆ డబ్బుతో అంగట్లో బియ్యం కొన్నారు. అన్నిటినీ మించిన మార్పు 1983లో వచ్చింది. ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో 2 రూపాయలకు, మనిషికి 5 కిలోల చొప్పున కార్డుకు 25 కిలోల దాకా బియ్యం ఇచ్చింది. 2008లో, సీమ మనిషే అయిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి హయాంలో, మళ్ళీ 2 రూపాయల ధర వచ్చింది. 2011లో అది రూపాయికి దిగింది. నూటికి పైగా ఏళ్ళు పండగ కూడుగా ఉన్న వరన్నం మూడుపూటల కూడయింది. పళ్ళెంలో కొండంత అన్నం, పక్కన కొంచెం పప్పు, కొంచెం పచ్చడి. పేదింట్లో కడుపు నింపేది ఆ కొండే.

అయితే చౌకబియ్యమే మనల్ని రోగుల్ని చేసిందనేవాళ్ళు ఈ మధ్య బాగా పెరిగారు. వాళ్ళతో నేను ఏకీభవించలేను. కరువు ఏడాది ఇంటిల్లిపాదికీ నికరంగా అన్నం దొరకడమన్నది ఈ రెండు జిల్లాల చరిత్రలో అంతకుముందు ఎన్నడూ లేనిది. పైన చెప్పిన శాస్త్రం సరైనదైతే గర్భిణి ఆకలి కూడా చక్కెర జబ్బుకు మూలమే, కాబట్టి ఆ ఆకలిని ఆపిన బియ్యం ఒక చేత్తో జబ్బును ఆపింది కూడా. లోటు బియ్యం ఇవ్వడంలో లేదు, బియ్యం ఒక్కటే ఇవ్వడంలో ఉంది. కందిపప్పు, జొన్న, కొర్ర, రాగి అదే ధరకు అదే కార్డు మీద వచ్చి ఉంటే పళ్ళెం వేరుగా ఉండేది. మెట్ట రైతుకు కొర్రకు గిట్టుబాటు ధర దక్కి ఉంటే బుడ్డల ఎండు చేనుకు అప్పులు చేసే అవసరం కూడా కొంత తగ్గేది. చౌకడిపోలో జొన్నలు, రాగులు ఇవ్వాలన్న ఆలోచనలు ఇటీవల ఊపందుకోవడం మంచిదే. అది నాలుగు దశాబ్దాలు ఆలస్యమైందని చెప్పడం కూడా న్యాయమే.

మరో ఆక్షేపణ ఇంతకన్నా గట్టిది. కరువే మూలమైతే, సీమ అంతగా కరువు ఎరగని గోదావరి జిల్లాల్లో ఈ జబ్బు ఎందుకుంది? 2006లో అచ్చయిన ఒక అధ్యయనం తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 20 పల్లెల్లో ముప్పై ఏళ్ళు దాటినవాళ్ళలో 13.2 శాతానికి చక్కెర జబ్బు ఉందని తేల్చింది. అప్పటికి పల్లెల్లో ఎవరూ ఊహించని అంకె అది. దీనికి నా సమాధానం ఏమిటంటే, ఈ జబ్బుకు దారులు రెండు. వరి, నీడపట్టు పని, పెరిగిన బరువు అనే దారి డెల్టాది. చిన్నగా పుట్టిన ఒంటికి, అది మోయలేనంత పిండిపదార్థం అందడమనే దారి మెట్టది. రెండో దారిలో నడిచేవాడు లావెక్కనక్కర్లేదు. డెల్టా మనిషికి పొట్టా బరువూ ముందే హెచ్చరిక చేస్తాయి, వైద్యుడికీ అనుమానం వస్తుంది. సీమ మనిషికి ఆ హెచ్చరిక అందదు. అందుకే డెల్టాను చూసి తయారుచేసిన నమూనాను సీమకు తగిలించడం ప్రమాదం. పైగా తీవ్రమైన పోషణలోపంతో బక్కపలచని యువకుల్లో వచ్చే చక్కెర జబ్బు ఒకటి వేరే ఉంది. దాన్ని 1985లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రత్యేక రకంగా గుర్తించి, 1999లో తీసేసింది. సీమ జనం పెద్ద జబ్బులకు రైలెక్కి వెళ్ళే వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల పరిశోధనల ఊతంతో, 2025లో అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య దాన్ని ఐదో రకంగా మళ్ళీ ఒప్పుకుంది. దానికి మందు మోతాదు కూడా వేరుగా చూడాలి. పేదవాడి బక్క ఒంటిని వైద్యశాస్త్రం ఇంతకాలం ఎలా తప్పించుకు తిరిగిందో ఆ మూడు సంవత్సరాలే చెబుతాయి.

కొర్రలకు తిరిగి వెళితే చాలు, మాత్రలు పారేయవచ్చు అనే మాట కూడా సీమలో బలంగా వినిపిస్తోంది. ప్రొద్దుటూరు బిడ్డ, పద్మశ్రీ ఖాదర్ వలీ సిరిధాన్యాల ప్రచారం కొర్ర, అండుకొర్ర, సామలను పట్నాల అంగళ్ళలోకి తెచ్చిందన్నది నిజం, అది పెద్ద మేలు. హైదరాబాదు పక్కనున్న ఇక్రిశాట్ పరిశోధన సంస్థ నాయకత్వంలో 2021లో 65 అధ్యయనాలను కలిపి చూస్తే, చిరుధాన్యాలు రోజూ తినే చక్కెర రోగుల్లో పరగడుపు చక్కెర 12 శాతం, తిన్న తర్వాతి చక్కెర 15 శాతం దాకా తగ్గినట్టు తేలింది. ఇది మందుకు తోడు నిలబడే లాభమే గానీ మందును తీసేసే లాభం కాదు. ఇన్సులిన్ అవసరమైన మనిషి దాన్ని ఆపి కొర్రన్నం తింటే ప్రాణానికే ముప్పు. గతాన్ని కూడా ఉన్నదున్నట్టు చూడాలి. దాదాపు జొన్న ఒక్కదానితోనే బతికిన దక్కను పేదల్లో చర్మం పొక్కి, విరేచనాలై, మతి చెడే పెల్లాగ్రా జబ్బును 1960 ప్రాంతంలో డాక్టర్ సి. గోపాలన్ హైదరాబాదులో వర్ణించారు. అంటే చాలని తిండి ఏ ధాన్యంతోనైనా చాలని తిండే. సంగటిని కూడా మెత్తగా పట్టిన పిండితో, సగం బియ్యం వేసి, గరిటెకు గరిటె పెడితే చక్కెర అన్నంతో సమానంగానే ఎగబాకుతుంది. పాత సంగటిలో గింజ బరకగా పడేది, పక్కన ఉలవలూ ఆకుకూరా ఉండేవి, తిన్నవాడు గుంటక వెనక నడిచేవాడు. ఇక ఆ కొర్రలను రోట్లో పోసి దంచినదెవరు? తెల్లవారకముందే లేచిన ఆడవాళ్ళు. వాళ్ళు బియ్యం వైపు మళ్ళడంలో ఆ రోకలి బరువు దిగిపోయిన ఊరట ఉంది. కొర్రలు తిరిగి రావాలంటే మండలానికొక పొట్టు తీసే మిల్లు ముందు రావాలి. నంద్యాల వ్యవసాయ పరిశోధన కేంద్రం డెబ్బై, ఎనభై రోజుల్లో కోతకొచ్చే సూర్యనంది లాంటి కొర్ర రకాలను ఇచ్చింది, విత్తనం కొరత లేదు. లేనిదల్లా చేనుకూ పళ్ళేనికీ మధ్య ఉండాల్సిన మిల్లూ, ధరా.

చాకిరి సంగతి కూడా అంతే తిన్నగా చూడాలి. రైతుకు వ్యాయామం ఎందుకని అడిగేవాళ్ళు ముప్పై ఏళ్ళ నాటి రైతును మనసులో పెట్టుకుని అడుగుతున్నారు. దున్నేది ట్రాక్టరు, విత్తేది ట్రాక్టరు గొర్రు, కలుపుకు మందు. వర్షాధారపు చేనుకు ఏడాదిలో పని ఉండేది కొన్ని నెలలే, మిగతా కాలం అరుగు మీదా, బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీల బండి దగ్గరా గడుస్తుంది. అరుగు దిగే వీలున్నవాళ్ళు వలస పోతారు. కోసిగి, మంత్రాలయం, ఆదోని ప్రాంతాల నుంచి కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు మిరప కోతలకూ బెంగళూరు కట్టడాలకూ తరలిపోతాయి. పాత కడప జిల్లాలోని రాజంపేట, రాయచోటి వైపు నుంచి కువైట్ పోతారు. ఊరికొచ్చే 104 వైద్య వాహనం మాత్రలు ఈ మనిషికి మూడునెలలు అందవు. మాత్రలు ఆగిన మూడు నెలల్లో అతని ఒంట్లో జరిగేది ఏ రికార్డులోకీ ఎక్కదు. జబ్బును ముందుగా పట్టడమనే మాటలో, పట్టాక వదలకపోవడం కూడా ఉండాలి. వలసకు బయలుదేరే ముందు, దసరా నాటికి, ఆ మండలాల్లో అందరికీ పరీక్ష చేసి వచ్చేదాకా సరిపడా మాత్రలు కట్టి ఇవ్వడం ఖర్చుతో కూడిన పనేమీ కాదు.

బాగున్నవాళ్ళను పిలిచి పరీక్షించడం వల్ల ఒరిగేదేమిటని అడిగే వైద్యులూ ఉన్నారు, వాళ్ళ చేతిలో ఆధారం కూడా ఉంది. ఇంగ్లండులో కేంబ్రిడ్జి చుట్టుపక్కల జరిగిన ఒక పెద్ద అధ్యయనం, ఇలా పిలిచి పరీక్షించినచోట పదేళ్ళ తర్వాత కూడా మరణాలు తగ్గలేదని 2012లో చెప్పింది. ఆ ఫలితాన్ని నేను కాదనను. కానీ అక్కడ ప్రతి మనిషికీ పేరుపేరునా ఒక వైద్యుడున్నాడు, పిలవకపోయినా కొద్దికాలంలో జబ్బు బయటపడేది. ఆంధ్రప్రదేశ్ సహా 15 రాష్ట్రాల్లో ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే జరిపి 2017లో ఇచ్చిన లెక్కలో, చక్కెర జబ్బు ఉన్నట్టు తేలినవాళ్ళలో 47.3 శాతానికి అంతకుముందు ఆ సంగతే తెలియదు. దాదాపు ప్రతి ఇద్దరిలో ఒకరు. ఈ ఒకరు మన దగ్గర వైద్యుడి ముందుకు వచ్చేది చూపు మసకబారాకో, కాలి పుండు నల్లబడ్డాకో. పైగా మన దగ్గర జబ్బు అంచున ఉన్నవాళ్ళు జబ్బులోకి జారే వేగం ఎక్కువ. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం అంచునున్న 531 మందిని మూడేళ్ళు గమనించింది. ఊరికే వదిలేసిన వాళ్ళలో 55 శాతం రోగులయ్యారు. తిండీ నడకా దిద్దుకున్నవాళ్ళలో 39 శాతమే అయ్యారు. 2006లో వచ్చిన ఈ ఫలితం నా లెక్కలో రెండు మాటలు చెబుతోంది. అంచునున్న మనిషిని పట్టుకోవడానికి మనకున్న వ్యవధి రెండు, మూడేళ్ళే. ఆ వ్యవధిలో పట్టుకుంటే మందు లేకుండానే చాలామందిని ఆపవచ్చు.

ప్రభుత్వ కార్యక్రమంలో ముప్పై ఏళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ పరీక్ష అనే నియమం 2017 నుంచి ఉంది. ఆరోగ్య కార్యకర్త వేలు గుచ్చి చూసిన చక్కెర 140 దాటితే ఆసుపత్రికి పంపాలి. పరగడుపున 126, లేదా గ్లూకోజు తాగిన రెండు గంటలకు 200 చేరితే జబ్బు ఉన్నట్టే, అది మరోసారి చూసి ఖాయపరచుకోవాలి. రెండు గంటల చక్కెర 140కీ 200కీ మధ్య ఉంటే అంచున ఉన్నట్టు. సీమలో ఈ పనికి కొన్ని మార్పులు కావాలి. బరువు తూచి వదిలేయకుండా నడుముకు టేపు పట్టాలి. మగవాళ్ళకు 90, ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు దాటితే మనిషి ఎంత సన్నగా ఉన్నా అనుమానించాలి. మూడు నెలల సగటు చెప్పే పరీక్షను రక్తం తక్కువున్న ఆడవాళ్ళలో గుడ్డిగా నమ్మకూడదు, రక్తహీనత ఆ అంకెను తారుమారు చేస్తుంది. పరగడుపు చక్కెర ఒక్కటే చూసి బాగుందనడం కూడా చాలదు, అన్నం తినే జనంలో మొదట అదుపు తప్పేది తరచూ తిన్న తర్వాతి చక్కెరే.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది గర్భిణిని. తొలిసారి ఆసుపత్రికి వచ్చినప్పుడు ఒకసారి, 24 నుంచి 28 వారాల మధ్య మరోసారి 75 గ్రాముల గ్లూకోజు ఇచ్చి రెండు గంటల తర్వాత చూడాలి. పరగడుపున రానక్కర్లేదు, కాబట్టి దూరపు తండా నుంచి ఆటోలో వచ్చే ఆడమనిషికి కూడా ఇది సాధ్యమైన పరీక్షే. 140 చేరితే ఆమెకూ బిడ్డకూ ఇద్దరికీ ముప్పు ఉన్నట్టు. తల్లికి తిండి తక్కువైనా బిడ్డ క్లోమం దెబ్బతింటుంది, తల్లి రక్తంలో చక్కెర ఎక్కువైనా దెబ్బతింటుంది. ఇవాళ సీమ గర్భిణుల్లో ఈ రెండూ ఒకే ఊళ్ళో, ఒక్కోసారి ఒకే మనిషిలో కనిపించే కాలం వచ్చింది. ప్రసవమయ్యాక చక్కెర తగ్గిందని ఆ కాగితాన్ని పారేస్తున్నాం. ఆరు వారాలకు ఆమెను మళ్ళీ పిలవాలి, బిడ్డ టీకా తేదీతో కలిపి పిలిస్తే తప్పకుండా వస్తుంది. ఆ తర్వాత ఏడాదికోసారి చూడాలి, బిడ్డ పుట్టిన బరువును బిడ్డ కార్డులోనే కాక తల్లి కార్డులో కూడా రాసి ఉంచాలి.